మాల తీశాక మళ్లీ తాగుడు మొదలవకుండా ఏం చేయాలి?

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీ అన్నయ్యకు 38 ఏళ్లు. మామూలు రోజుల్లో రోజుకు హాఫ్ దాకా తాగుతారు. కొన్నేళ్లుగా ప్రతి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటున్నారు. ఆ మండలం రోజులు చుక్క ముట్టరు, మాల తీసిన వారంలోపే మళ్లీ మామూలే. ఈసారి మాల వేసుకున్న రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కిస్తే కోలుకున్నారు. ఇప్పటికి పది రోజులైంది, దీక్షలోనే ఉన్నారు. మాల తీయగానే తాగుడు మాన్పించే పొడి ఏదో తెప్పించి తెలియకుండా అన్నంలో కలుపుదామని వదిన అంటున్నారు. ఆరు నెలలు ఏదైనా రీహాబ్‌లో పడేద్దామని మీ మేనమామ అంటున్నారు. రెండింటిలో ఏది మేలని అడిగారు.

రెండూ వద్దమ్మా. నేను డీ-అడిక్షన్ వార్డులో సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మందులు రాసేది డాక్టర్లే. ఆ మందులు వేసుకున్న మనిషి ఇంటికి వెళ్లాక ఏమవుతున్నాడో చూసుకునేది మాలాంటివాళ్లం. మీ అన్నయ్య తాగకుండా ఉన్న ఈ నెల రోజులు మీకు దొరికిన మంచి సమయం. మాల తీశాక ఏం చేయాలా అని ఆలోచిస్తున్నారు కానీ, చేయాల్సిందంతా మాల మెడలో ఉండగానే చేయాలి.

మొదట ఆ ఫిట్స్ సంగతి. రోజూ మద్యం పడే మెదడు ఆ మత్తును తట్టుకోవడానికి తనను తాను ఎప్పుడూ ఉద్రేకంలో ఉంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ అందుకే వస్తాయి. ఫిట్స్ వచ్చేది సాధారణంగా ఆఖరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఇంకో ప్రమాదం ఉంటుంది. మనిషి తికమకపడిపోతాడు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేనివాళ్లతో మాట్లాడతాడు, జ్వరం వస్తుంది. దీంట్లో చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

"ఇన్నేళ్లు మాల వేసినప్పుడు రానిది ఈసారి ఎందుకొచ్చింది" అని మీరు అడిగారు. ఏటా ఒక్కసారిగా ఆపడం, మళ్లీ అంతకంతా తాగడం జరుగుతుంటే, మెదడు ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా ఎదురుతిరుగుతుంది. మొదటేడు వణుకు, తర్వాతేడు వాంతులు, చెమటలు, ఆ తర్వాత ఫిట్స్. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి తర్వాత ఆపినప్పుడు కూడా వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మీ అన్నయ్య మళ్లీ ఎప్పుడైనా తాగుడులో పడి ఆపాలనుకుంటే ఇంట్లో ఆపకూడదు, ఆస్పత్రిలోనే ఆపాలి. అక్కడ లోరాజెపామ్ లాంటి మాత్రలు లెక్క ప్రకారం ఇచ్చి, కొద్ది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొని వాడితే వాటికే అలవాటు పడతారు.

పది రోజులు గడిచాయి కాబట్టి ఈసారికి ఆ గండం దాదాపు దాటినట్టే. అయినా డాక్టర్‌కు చూపించాలి. జీవితంలో మొదటిసారి ఫిట్స్ వస్తే తాగుడు వల్లే అనుకుని వదిలేయకూడదు. తాగి పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరి ఉండొచ్చు. స్కాన్ అవసరమా కాదా డాక్టర్ చెప్తారు. అప్పటిదాకా బండి నడపనివ్వకండి. ఇంకోటి, దీక్షలో ఉన్నారు కదా, తెల్లవారుజామున చెరువులోనో కాలువలోనో ఒంటరిగా స్నానానికి వెళ్లనివ్వకండి. నీళ్లలో ఫిట్స్ వస్తే మోకాలి లోతులో కూడా మనిషి దక్కడు. శబరిమల వెళ్లే ముందు కొండ ఎక్కొచ్చా అని కూడా డాక్టర్‌నే అడగండి.

ఆ గ్లూకోజ్ బాటిల్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లల్లో నీరసంగా ఉన్న ప్రతి తాగుబోతుకూ ముందు చేసేది అదే. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటిపోయి ఉంటుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయామిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్లు అటూ ఇటూ అదరడం, ఇప్పుడే చెప్పింది మర్చిపోవడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. అవేమీ లేకపోయినా థయామిన్ గురించి డాక్టర్‌ను అడగండి. చవకైన మందు, చాలామందికి రాయకుండా పోయే మందు.

అన్నయ్య కల్లు కూడా తాగుతారా? ఇది మీరు రాయలేదు. తెలంగాణ కల్లు దుకాణాల్లో కొన్నిచోట్ల అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటివి కలుపుతారు. అది ఆగినప్పుడు వచ్చే లక్షణాలు మద్యం ఆపినప్పటి కంటే తీవ్రంగా, ఎక్కువ రోజులు ఉండొచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరింది ఇందుకే. ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో వచ్చినవాళ్లలో చాలామంది కల్లు తాగేవాళ్లే. డాక్టర్‌కు ఏ సిగ్గూ లేకుండా మొత్తం చెప్పండి: కల్లు, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు, ఏదైనా సరే.

ఇక మీరు బాధపడుతూ రాసిన మాటకు వస్తాను. "దేవుడి భయం ఉన్నన్నాళ్లే మానేస్తాడు, మా మీద ప్రేమ లేదు." చాలా ఇళ్లల్లో ఈ మాట విన్నాను. అది నిజం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నలభై ఒక్క రోజుల్లో అన్నయ్య జీవితంలో ఏమేం మారుతున్నాయో ఒకసారి చూడండి. తెల్లారకముందే లేస్తారు, చన్నీళ్ల స్నానం, పూజ. నల్ల బట్టలు చూసి ఊరంతా స్వామీ అని పిలుస్తుంది. నిన్నటిదాకా వాడూ వీడూ అన్నవాళ్లు కూడా గౌరవంగా మాట్లాడతారు. వైన్స్ ముందు నిలబడితే స్నేహితులే వెళ్లిపో స్వామీ అంటారు. సిట్టింగ్‌కు ఎవరూ పిలవరు. అసలు తాగాలనిపించే సాయంత్రం ఏడు గంటల వేళ పడిపూజో భజనో ఉంటుంది. పక్కన అదే దీక్షలో ఉన్న పదిమంది ఉంటారు. ఏదైనా తేడా వస్తే అడగడానికి గురుస్వామి ఉంటారు. ఇంట్లో వాళ్లు కూడా ఆ రోజుల్లో గొడవ పడరు, వేళకు వండిపెడతారు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి. పైగా ఆ రోజే పార్టీ ఇమ్మని అడిగే స్నేహితులు సిద్ధంగా ఉంటారు.

డీ-అడిక్షన్‌లో మేము నెలల తరబడి కష్టపడి కట్టేది ఇలాంటి ఏర్పాటునే. వేళలు మార్చడం, ప్రమాదకరమైన సాయంత్రాలను నింపడం, తాగనివాళ్ల తోడు, జారిపోతున్నప్పుడు ఫోన్ చేయడానికి ఒక పెద్ద, తాగుబోతు అనే పేరు కాకుండా ఇంకో గుర్తింపు. మీ అన్నయ్య వీటన్నిటితో ఏటా నలభై ఒక్క రోజులు నిలబడి చూపిస్తున్నారు. నలభై రెండో రోజుకు ఏ ఏర్పాటూ లేకపోవడమే కొరత. రంజాన్ నెలలో మానేసి పండగ తర్వాత మొదలుపెట్టేవాళ్లనూ, శ్రమకాలంలో ముట్టకుండా ఈస్టర్ నాడు తాగేవాళ్లనూ చూశాను. అన్ని ఇళ్లల్లోనూ ఇదే కథ.

కాబట్టి ఈ నెలలో అన్నయ్యతో కూర్చుని ఆ నలభై రెండో రోజు గురించి మాట్లాడండి. పొద్దున పూజ అయ్యాక, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు. ఒట్టు మాత్రం వేయించుకోకండి. పిల్లల తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించడం మన ఇళ్లల్లో మామూలే. ఆ ఒట్టు తప్పిన రోజు మనిషికి కలిగే అసహ్యం అంతా ఇంతా కాదు, ఆ అసహ్యాన్ని మర్చిపోవడానికే ఇంకా తాగుతాడు. మీరు మాట్లాడాల్సింది చిన్నచిన్న విషయాలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ ఉంటారు? జీతం పడిన రోజు ఎవరితో ఇంటికొస్తారు? ఇంటి దారిలో వైన్స్ ఉంటే ఏ దారిన రావాలి? ఇదివరకు చేతిలో డబ్బు లేకుండా చూస్తే సరిపోయేది, ఇప్పుడు ఫోన్‌లో స్కాన్ చేస్తే క్వార్టర్ వస్తోంది. ఆయన ఒప్పుకుంటే కొన్నాళ్లు జీతం ఖాతాకు యూపీఐ తీసేసి ఖర్చులకు వేరే చిన్న ఖాతా పెట్టండి. ఒప్పుకుంటేనే. ఆయనకు తెలియకుండా చేస్తే అది ఇంకో గొడవే అవుతుంది. పెళ్లిళ్లు, దసరా, బోనాలు, దినాలు ముందుగా క్యాలెండర్‌లో చూసుకుని, తొందరగా వెళ్లి భోజనం చేసి వచ్చేయాలా, అసలు వెళ్లకూడదా అన్నది అప్పుడే అనుకోండి. ఎవరైనా గ్లాసు చేతిలో పెడితే ఏమనాలో కూడా అనుకోండి. "ఫిట్స్ వచ్చాయి, డాక్టర్ వద్దన్నాడు" అన్న మాట మన దగ్గర బాగా పనిచేస్తుంది, అబద్ధం కూడా కాదు.

గురుస్వామితో మాట్లాడమని కూడా నేను సలహా ఇస్తాను. చాలామంది గురుస్వాములు పెద్దమనసుతో సాయం చేస్తారు. మాల తీశాక కూడా వారానికి ఒక సాయంత్రం భజనకు రమ్మనడం, మిగతా స్వాముల్లో మానాలనుకునేవాళ్లను ఒకరికొకరిని కలపడం వాళ్ల చేతిలో ఉన్న పని. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు చేసేది కూడా అదే. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో మొదలైన సంఘం అది. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు, మానాలన్న కోరిక ఒక్కటి చాలు. మన రెండు రాష్ట్రాల నగరాల్లో తెలుగులోనే మీటింగులు జరుగుతాయి. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, అది వదినకు. ఒకసారి వెళ్లి నచ్చలేదని మానేయకండి, ఒక్కో గుంపు ఒక్కో తీరుగా ఉంటుంది.

కోరిక వచ్చిన క్షణం గురించి ఆయనకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఎంత గట్టి కోరికైనా సాధారణంగా అరగంట లోపే తగ్గుముఖం పడుతుంది. ఆకలి మీద, కోపం మీద, ఒంటరిగా ఉన్నప్పుడు, అలసిపోయినప్పుడు ఎక్కువ వస్తుంది. అందుకే సాయంత్రం ఇంటికి రాగానే ముందు కడుపుకు ఏదైనా పెట్టమని చెప్తాం. ఆ అరగంట గడపడానికి ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. మానేసిన తర్వాత కొన్ని వారాలపాటు నిద్ర సరిగా పట్టదు, చిరాకు ఉంటుంది. "తాగినప్పుడే నయం, ఇప్పుడు ప్రతిదానికీ కసురుతున్నాడు" అని భార్యలు ఏడుస్తారు. అది కోలుకుంటున్న మెదడు చేసే గొడవ, తగ్గుతుంది. వదినకు ఇది ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు మందులు. కోరికను తగ్గించే మాత్రలు ఉన్నాయి, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ముఖ్యమైనవి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు బాక్లోఫెన్ వాడతారు. నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్లు ట్రామడాల్ లాంటి నొప్పిమాత్రలు వాడకూడదు, లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. అకాంప్రోసేట్ లివర్‌కు భారం కాదు, కానీ కిడ్నీలు చూడాలి, రోజుకు మూడుసార్లు మర్చిపోకుండా వేసుకోవాలి. తాగకుండా ఉన్నప్పుడు మొదలుపెడితే ఇవి బాగా పనిచేస్తాయి. అందుకే ఈ వారమే డాక్టర్ దగ్గరకు వెళ్లమంటున్నాను, మాల తీసే రోజుకు మందు ఒంట్లో ఉండాలి. దీక్షలో మాత్రలు వేసుకోవచ్చా అన్న అనుమానం వస్తే, షుగర్ ఉన్న స్వాములు మాత్రలు మానరు కదా అని చెప్పండి. ఎన్నాళ్లు వాడాలో డాక్టర్ చెప్తారు, మామూలుగా కనీసం ఆరు నెలలు, ఏడాది. బాగానే ఉన్నాను కదా అని మధ్యలో ఆపడమే మేము ఎక్కువగా చూసే పొరపాటు.

వదిన అనుకుంటున్న పొడి గురించి కొంచెం గట్టిగానే చెప్తున్నాను. "ఆయనకు తెలియకుండా కలపండి, మద్యం వాసనే పడదు" అని అమ్మే పొడుల్లో ఏముందో డబ్బా మీద ఉండదు. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే మాత్రం ప్రమాదం. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. డైసల్ఫిరామ్ మంచి మందే, డాక్టర్లు వాడతారు. కానీ మనిషికి అంతా వివరించి, అతను ఒప్పుకున్నాక, గుండె, లివర్ పరీక్షించి, ఇంట్లో ఒకరి చేతుల మీదుగా రోజూ ఇస్తారు. ఫిట్స్ వచ్చిన మనిషి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉంటారు. తెలియకుండా అన్నంలో కలిపితే, తాగి పడిపోయిన రోజు ఏమైందో ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేరు. బతికి బయటపడితే ఆ ఇంట్లో మళ్లీ చేయి కడుక్కుని కూర్చోడు. వదిన ఎంత విసిగిపోతే ఈ ఆలోచన వచ్చిందో నాకు తెలుసు. ఆమెను తప్పుపట్టకుండా ఆ పొడి ఆలోచన మాత్రం మాన్పించండి.

మేనమామ గారి రీహాబ్ సంగతి. తాగకుండా, పూజ చేసుకుంటూ, ఇంట్లో ఉన్న మనిషిని ఎత్తుకెళ్లి పడేస్తే ఆయనకు మిగిలేది మీ మీద కోపమే. చట్టం కూడా ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే తనకో ఇతరులకో హాని చేసే స్థితిలోనో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలోనో ఉండాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించాలి. మొదట గరిష్ఠంగా 30 రోజులే. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఇంటికి బండి పంపి నలుగురు మనుషులతో లాక్కెళ్లే చోట్లు ఉన్నాయి. అలాంటి ఒక చోట నుంచి దెబ్బల గుర్తులతో వచ్చిన కుర్రాడిని చూశాను, ఆ తర్వాత ఏ ఆస్పత్రి మెట్లూ ఎక్కనన్నాడు.

చేరడం అవసరమైన రోజులు వస్తాయి. మళ్లీ తాగి ఆపాల్సి వస్తే, ఫిట్స్ ఉన్నాయి కాబట్టి తప్పకుండా చేర్చాలి. అప్పుడు చూసుకోవాల్సింది రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు నిజంగా వస్తారా, రాత్రి నర్సు ఉంటారా, మీరు వెళ్లి చూసి ఫోన్‌లో మాట్లాడే వీలుందా, డిశ్చార్జ్ తర్వాత ఫాలోఅప్ ఉందా అని. మనిషిని కొన్ని నెలలు కలవకూడదు అనే చోటికి పంపకండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. దగ్గరలో ఏముందో తెలియకపోతే 14446కు చేయండి, అది కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. 14416 టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, వదిన తన గురించి తాను మాట్లాడటానికి కూడా అదే నంబరు. ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులో తేలింది. మీరు అడిగారు కాబట్టి అన్నయ్య ఆ ఒక్కరు కావచ్చు.

ఎప్పుడైనా ఒకరోజు తాగారే అనుకోండి. అంతా అయిపోయినట్టు ఏడుపులు, శాపనార్థాలు వద్దు. బీపీ మాత్రలు ఆపితే బీపీ పెరిగినట్టే ఇది కూడా, మళ్లీ చికిత్స సరిచేయాలి. తాగి ఉన్నప్పుడు వాదించకండి. మర్నాడు పొద్దున ఏ వేళ, ఎవరితో, దేని తర్వాత జరిగిందో అడిగి ఆ రోజే డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చెప్పండి. ఒక్కరోజుకు ఆగిన జారుడు, వారం దాచిన జారుడు చాలా వేరుగా ముగుస్తాయి. దాచాల్సిన అవసరం ఇంట్లో లేకుండా చూడండి. అలాగని ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, బెల్టు షాపు బాకీ తీర్చడం కూడా చేయకండి. బాగున్న రోజుల్లో దగ్గరగా ఉండండి, పిల్లలతో కలిసి కూర్చోండి, మెచ్చుకోండి. తాగిన రోజు అన్నం పెట్టి దూరంగా ఉండండి. చేయి చేసుకుంటే మాత్రం వదిన పిల్లలను తీసుకుని బయటకు రావాలి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేయాలి. జబ్బు అనే మాట దెబ్బలను ఒప్పుకోవడానికి కాదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: ఆఖరిసారి తాగిన రోజు, రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, ఫిట్స్ వచ్చిన తేదీ, అవి ఎన్ని నిమిషాలు ఉన్నాయి, నాలుక కరుచుకున్నారా, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఆర్‌ఎంపీ ఇచ్చిన మందుల చీటీ, కల్లు సంగతి, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు. వదిన కూడా వెళ్లాలి, డాక్టర్ అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు మాత్రం మీరిద్దరూ బయట కూర్చోండి. ఆ పది నిమిషాల్లో ఆయన మీకెప్పుడూ చెప్పనివి చెప్తారు. రక్త పరీక్షల రిపోర్టులు వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లెక్కన ఈ సోమవారమే వెళ్తే, మాల తీసే నాటికి మాత్రలు మొదలై రెండు వారాలు దాటి ఉంటుంది.